కాంట చీటీలో బరువు సరిగ్గానే ఉంది, మరి రోడ్డు ఎందుకు కుంగుతోంది?

చెల్కదారి
మాది దేవరకొండ వైపు ఒక చిన్న ఊరు. మా ఊరి పక్కనున్న క్రషర్ నుంచి 167వ జాతీయ రహదారి ఎక్కేదాకా ఐదున్నర మీటర్ల వెడల్పున్న పంచాయతీరాజ్ తారురోడ్డు ఉంది. అది వేసి మూడేళ్లు కూడా నిండలేదు. కంకర నింపుకొని పోయే వైపు చక్రాల దారిలో రెండు గాళ్లు పడ్డాయి, వాటిలో వాన నీళ్లు నిలుస్తున్నాయి, అంచు వెంట మొసలి తోలు లాంటి పగుళ్లు వచ్చాయి. ఖాళీ టిప్పర్లు తిరిగి వచ్చే వైపు మాత్రం దాదాపు కొత్తగానే ఉంది. గ్రామసభలో అడిగితే క్రషర్ తరఫు మనిషి కాంట చీటీల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. పది టైర్ల టిప్పర్‌కు ఆర్‌సీలో 28.5 టన్నులు రాసి ఉంటే, చీటీల్లో అన్నీ 28 టన్నుల చిల్లర చూపిస్తున్నాయి. తాము పరిమితిలోనే ఉన్నామని, రోడ్డే నాసిరకంగా వేశారని ఆయన అంటున్నాడు. ఇంజినీరు గారేమో ఓవర్‌లోడే కారణమని అంటున్నారు. ఎవరిది నిజమో తేల్చాలంటే ఏం కొలవాలి, ఎట్లా కొలవాలి? తెలిసినవాళ్లు చెప్పగలరు.

పన్నెండుటైర్లు
రోడ్డు పగిలిన ప్రతిసారీ దోషి లారీయే అవుతుంది. రోడ్డు పన్ను కట్టేది మేము, టోల్ కట్టేది మేము, చివరికి తిట్లు పడేది కూడా మేమే. చీటీలో బరువు సరిగ్గా ఉందని మీరే రాశారు కదా, ఇక తేల్చడానికి ఏముంది? తారు ఎంత మందం పోశారో, కింద కంకరను ఎంత గట్టిగా తొక్కించారో ముందు అడగండి.

పాలమూరు_స్టీరింగ్
చీటీలో ఉన్నది మొత్తం బరువు. రోడ్డు మీద పడేది ఇరుసు బరువు. ఈ రెండూ ఒకటి కావు. ఇంతకీ ఆ చీటీలు ఎవరి కాంటవి?

చెల్కదారి
క్రషర్ ఆవరణలో ఉన్న కాంటవే.

పాలమూరు_స్టీరింగ్
అల్లుడి పెళ్లిచూపులకు మామగారే మధ్యవర్తిగా కూర్చున్నట్టుంది.

లెక్కలసారు
మొత్తం బరువు సరిపోతే చాలు అనుకోవడం దగ్గరే అసలు చిక్కు ఉంది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒటావా పట్టణం దగ్గర 1958 నుంచి 1960 దాకా ప్రత్యేకంగా రోడ్లు వేసి, రకరకాల బరువులతో లారీలను వాటి మీద తిప్పి పరీక్షించారు. ఇరుసు మీద బరువు పెరిగితే రోడ్డుకు జరిగే నష్టం సుమారుగా దాని నాలుగో ఘాతంలో పెరుగుతుందనే సూత్రం ఆ పరీక్షల నుంచి వచ్చింది. అంటే ఇరుసు బరువు రెట్టింపైతే నష్టం పదహారు రెట్లవుతుంది.

మన దేశంలో తారురోడ్ల రూపకల్పనకు వాడే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) మార్గదర్శకం, ఐఆర్‌సీ 37 కూడా ఈ లెక్కనే అనుసరిస్తుంది. నాలుగు టైర్లున్న ఒంటి ఇరుసుకు 80 కిలోన్యూటన్లు, అంటే సుమారు 8.16 టన్నులు, ప్రామాణిక బరువు. రెండు టైర్లుండే ముందు ఇరుసుకు 65 కిలోన్యూటన్లు, అంటే 6.6 టన్నులు. వెనక జంట ఇరుసుకు, అంటే పక్కపక్కనే ఉండే రెండు ఇరుసులకు కలిపి, 148 కిలోన్యూటన్లు, అంటే సుమారు 15 టన్నులు. ఈ బరువుతో ఒకసారి వెళితే నష్టం ఒకటి అని లెక్క.

ఇప్పుడు మీ టిప్పర్‌ను తీసుకుందాం. ముందు 7 టన్నులు, వెనక జంట ఇరుసు మీద 21 టన్నులు ఉంటే అది చట్టానికి లోబడిన బండే. ముందు ఇరుసు నష్టం 1.2, వెనకది 3.8 దాకా, మొత్తం సుమారు 5. అదే బండి ముందు 8, వెనక 28 టన్నులతో 36 టన్నులు మోస్తే నష్టం 14 దాటుతుంది. బరువు పెరిగింది మూడో వంతు కూడా కాదు, నష్టం మాత్రం మూడింతలకు దగ్గరపడింది. ఖాళీ బండికి ఈ సంఖ్య 0.5 కూడా రాదు. తిరిగి వచ్చే వైపు రోడ్డు కొత్తగా ఎందుకుందో మీకు ఇక్కడే జవాబు దొరుకుతుంది. రెండు వైపులా ఒకే తారు, ఒకే గుత్తేదారు, ఒకే వాన. తేడా బరువులోనే ఉంది.

కల్వకుర్తి_రాధ
అయితే మా కారు వాటా ఎంత?

లెక్కలసారు
కారు ఇరుసు మీద సుమారు 700 కిలోలు ఉంటాయి. సూత్రాన్ని అలాగే వర్తింపజేస్తే పరిమితిలో నిండిన ఒక్క టిప్పర్ చేసే పనికి దాదాపు ఇరవై వేల కార్లు కావాలి. అంత చిన్న బరువుల దగ్గర సూత్రం కచ్చితంగా పనిచేస్తుందని చెప్పలేం కాబట్టి, రోడ్డు రూపకల్పనలో మూడు టన్నుల లోపు బండ్లను అసలు లెక్కలోకే తీసుకోరు.

కల్వకుర్తి_రాధ
ఇక మీదట గుంతలో పడ్డప్పుడు కనీసం ఆత్మగౌరవంతో పడతాను.

పన్నెండుటైర్లు
సారు గారి లెక్కలో ఒక మాట తప్పిపోయింది. బండి ఎక్కువ మోస్తే ట్రిప్పులు తగ్గుతాయి కదా. పరిమితిలో నడిపితే అదే కంకరకు ఎక్కువ బండ్లు తిరగాలి. అప్పుడు రోడ్డుకు మేలు ఎట్లా జరుగుతుంది?

లెక్కలసారు
న్యాయమైన ప్రశ్న. టిప్పర్ ఖాళీ బరువు 11 టన్నులు అనుకుందాం. 28 టన్నులకు నింపితే 17 టన్నుల కంకర పోతుంది, 36కు నింపితే 25 టన్నులు పోతుంది. 250 టన్నుల కంకర తరలించాలంటే మొదటి పద్ధతిలో 15 ట్రిప్పులు, రెండో పద్ధతిలో 10. నష్టం మొదటి దాంట్లో 15 ఐదులు 75, రెండో దాంట్లో 10 పద్నాలుగులు 140. ఖాళీగా తిరిగి రావడం కలిపినా తేడా పెద్దగా మారదు. ట్రిప్పులు తగ్గి డీజిల్ మిగులుతుంది, ఆ మిగులు బండి యజమానికి చేరుతుంది, 65 తేడా రోడ్డు ఖాతాలో పడుతుంది.

పన్నెండుటైర్లు
యజమానికి చేరుతుందని ఎవరు చెప్పారు? కిరాయి టన్నుకు ఇంత అని కొనేవాడు కడతాడు. పక్క బండి 25 టన్నులు తెస్తుంటే నేను 17 తెచ్చి కిస్తీ ఎట్లా కట్టాలి? అందరినీ ఒకేసారి పరిమితిలో పెడితే నేను మొదటి వరుసలో నిలబడతాను. నన్ను ఒక్కడిని ఆపితే మాత్రం బండి అమ్ముకోవాల్సిందే.

రిటైర్డ్_ఏఈ
లెక్కలసారు గారి సూత్రం సరైనదే, అయితే నాలుగు అనే ఘాతాన్ని రాతి మీద చెక్కినట్టు చూడకూడదు. రోడ్డు మందాన్ని బట్టి, కింద నేలను బట్టి అది మారుతుంది. ఐఆర్‌సీ 37లోనే తారు పొర అడుగున వచ్చే పగుళ్లకు 3.89 ఘాతం, నేల కుంగి గాడి పడటానికి 4.5337 ఘాతం వాడతారు. గాడి 20 మిల్లీమీటర్ల లోతుకు చేరితే, లేదా ఉపరితలంలో 20 శాతం పగిలితే ఆ రోడ్డు ఆయుష్షు తీరినట్టే.

చెల్కదారి గారు అడగవలసిన మరో ప్రశ్న ఉంది. ఆ రోడ్డును ఎంత రాకపోకల కోసం వేశారు? గ్రామీణ రోడ్లకు ఐఆర్‌సీ ప్రత్యేక ప్రచురణ 72 ప్రకారం మందం నిర్ణయిస్తారు. అందులో పదేళ్లలో ఎన్ని ప్రామాణిక ఇరుసులు వెళ్తాయన్న దాన్ని బట్టి వర్గాలుంటాయి. ట్రాక్టర్లు, ఆర్టీసీ బస్సు, ఎరువుల లారీ మాత్రమే తిరిగే ఊరికి లక్ష నుంచి రెండు లక్షల వర్గం తీసుకొని ఉంటే, అప్పటికి అది సరైన నిర్ణయమే అయి ఉండవచ్చు. తర్వాత క్రషర్ వచ్చింది. రోజుకు అరవై టిప్పర్లు పరిమితిలోనే నిండి వెళ్లినా, ట్రిప్పుకు 5 చొప్పున రోజుకు 300, ఏడాదికి 300 పనిదినాలు వేసుకుంటే 90 వేలు. పదేళ్ల కోసం వేసిన రోడ్డు రెండేళ్ల చిల్లరలో ఆయుష్షు ముగించుకుంటుంది. ఇక 14 చొప్పున వెళ్తే ఏడాది కూడా నిలవదు. కాబట్టి క్రషర్ వాళ్లు చెప్పింది నిజమైనా, గుత్తేదారు పని సరిగ్గా చేసినా, రోడ్డు పోవడానికి అవకాశం ఉంది. అంచనా పత్రంలో రాకపోకల వర్గం ఏది అని సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి.

సాగర్_ఆయకట్టు
నేను ఒప్పుకోను. బరువు మీదే అంతా తోసేస్తే నీటి సంగతి ఎవరు చూస్తారు? మా మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాల్వ కింద రోడ్డుకు రెండు పక్కలా వరి మడులే. నెలల తరబడి మడిలో నీళ్లు నిలిచి, కట్ట అడుగు నుంచి తడి ఎక్కి, రోడ్డు కింద మొరం మెత్తబడుతుంది. పైగా దమ్ము సీజన్‌లో ట్రాక్టర్లు కేజ్ వీల్స్ (మడిలో దిగేందుకు బిగించే ఇనుప చక్రాలు) విప్పకుండా తారు మీదకు ఎక్కి దువ్వెన గీసినట్టు గీసుకుంటూ పోతాయి. మా ఊరి రోడ్డు మీద టిప్పర్ కనిపించదు, అయినా గుంతలున్నాయి.

రిటైర్డ్_ఏఈ
మీరు చెప్పిన రెండూ వేర్వేరు నష్టాలు. కేజ్ వీల్ పైపొరను చీలుస్తుంది, లోపల గాడి తీయదు. నీళ్లు మాత్రం బరువుకు తోడవుతాయి. ఎండాకాలంలో 10 టన్నుల ఇరుసును మోసిన నేల, తడిసినప్పుడు అదే ఇరుసు కింద కుంగుతుంది. దేవరకొండ వైపు ఎక్కువగా ఎర్ర చెల్క నేలలు కాబట్టి కొంత నయం. రేగడి నేల తగిలే చోట మాత్రం తడికి ఉబ్బి, ఎండకు బీటలు తీసి, బరువు లేకుండానే రోడ్డును వంకర చేస్తుంది. ఆ పొరను తీసేసి మొరం నింపకుండా రోడ్డు వేస్తే ఏ లెక్కా కాపాడలేదు.

గట్టుమీద_గుడిసె
సీసీ రోడ్డు వేస్తే గొడవే ఉండదు కదా?

రిటైర్డ్_ఏఈ
తగిన మందంతో వేస్తే నిజమే. కాంక్రీటులో వంగుడు ఒత్తిడి దాని బలంలో 45 శాతం లోపే ఉంటే ఎన్నిసార్లు వెళ్లినా అలసట రాదని లెక్క వేస్తారు. అయితే ఆ గీత దాటాక పతనం తారురోడ్డు కంటే వేగంగా ఉంటుంది. ఊళ్లో వీధికి వేసే మందంతో టిప్పర్ల దారి వేస్తే ముందు పలకల మూలలు విరుగుతాయి.

కాంటచీటీ
కొలత సంగతి అడిగారు కాబట్టి నా పని గురించి చెప్తాను. నేను రైసుమిల్లుల దగ్గర వేబ్రిడ్జి నడుపుతాను. మామూలు వేబ్రిడ్జి మీద కూడా ఇరుసు బరువు తీయవచ్చు, దానికి కొత్త యంత్రం అక్కరలేదు. మొదట ముందు చక్రాలు మాత్రమే పలక మీదకు ఎక్కించి అంకె రాసుకోవాలి. తర్వాత బండి మొత్తం ఎక్కించి రాసుకోవాలి. ఆపైన ముందు చక్రాలు అవతలి వైపు దిగి, వెనక జంట ఇరుసు మాత్రమే పలక మీద ఉండగా రాసుకోవాలి. మొదటిదీ మూడోదీ కలిపితే రెండోది రావాలి. కొద్ది తేడా వస్తే ఫరవాలేదు. టన్ను తేడా వస్తే పలకకు, దాని ముందూ వెనకా ఉన్న కాంక్రీటు దారికి మట్టం కుదరలేదని అర్థం. పలక ఒక అంగుళం ఎత్తుగా ఉన్నా జంట ఇరుసులో ఒకదాని బరువు రెండోదాని మీదకు జారిపోతుంది.

డ్రైవర్ బ్రేకు తొక్కి పట్టుకుంటే కూడా అంకె సరిగ్గా రాదు. బండి ఆగిన వెంటనే ఎర్ర అంకెలు పైకీ కిందికీ ఊగుతుంటాయి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు వదిలి, స్ప్రింగులు సర్దుకున్నాక, అంకె నిలబడ్డాకే చీటీ తీయాలి. తొందరపడి తీసిన చీటీలో ఇరుసు బరువును నేను నమ్మను. కాంటకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఏ తేదీన పడిందో కూడా చూడండి. అది లేని కాంట చీటీ గ్రామసభలో చూపడానికి తప్ప దేనికీ పనికిరాదు.

చెల్కదారి
అధికారులు రోడ్డు మీదే కొలుస్తారని విన్నాను. అవి ఎట్లా పనిచేస్తాయి?

కాంటచీటీ
అవి రెండు రకాలు. ఒకటి చేతితో మోసుకుపోయే తూనిక పలకలు. చక్రం కింద ఒక్కొక్కటి పెట్టి, అన్ని చక్రాల బరువులు కలుపుతారు. పలక మందం ఉన్నంత ఎత్తు మిగతా చక్రాల కింద కూడా చెక్కలు పెట్టాలి, లేకపోతే పలక ఎక్కిన చక్రమే ఎక్కువ మోస్తున్నట్టు చూపిస్తుంది. రెండోది రోడ్డులోనే పాతిపెట్టిన తూనిక పట్టీ. బండి ఆగకుండా దాని మీదుగా పోతుంటే ఒక్కో ఇరుసు బరువూ నమోదవుతుంది. 65వ నంబరు రహదారి మీద కానీ, 44వ నంబరు రహదారి మీద కానీ టోల్ గేటు దగ్గర నెమ్మదిగా కదిలే వరుసలో మీరు చూసి ఉంటారు. పోతున్న బండి ఎగురుతూ ఉంటుంది కాబట్టి ఆగిన బరువుకూ ఆ బరువుకూ తేడా వస్తుంది. వేగం ఎంత తక్కువైతే, రోడ్డు ఎంత చదునుగా ఉంటే అంత నమ్మకం.

పాలమూరు_స్టీరింగ్
ఇప్పుడు మా వైపు కిటుకులు కూడా చెప్పాలి. పన్నెండు టైర్ల బండ్లలో కొన్నింటికి లిఫ్ట్ యాక్సిల్ ఉంటుంది, మీట నొక్కితే ఒక ఇరుసు గాలిలోకి లేస్తుంది. అది ఖాళీగా పోయేటప్పుడు టైర్లు అరగకుండా ఉండటానికి ఇచ్చిన సదుపాయం. నిండు బండికి కూడా మలుపుల్లో తేలిగ్గా తిరుగుతుందని కొందరు పైకి ఎత్తే నడుపుతారు. కాంట దగ్గరకు రాగానే దించుతారు. మొత్తం బరువు అదే, చీటీ సక్రమమే, దారంతా మాత్రం మిగతా ఇరుసులు ఆ భారం మోశాయి. కాంట చూసేవాళ్లు గేటు దాటాక కూడా ఒకసారి బండి వైపు చూడాలి.

రెండోది, కంకర పోసే తీరు. లోడర్‌తో టిప్పర్ తొట్టి వెనక భాగంలో ఎక్కువ పోస్తే ముందు ఇరుసు తేలిపోతుంది. 28.5 టన్నుల్లో ముందు 5, వెనక 23.5 పడిందనుకోండి, లెక్కలసారు గారు దానికి ఎంత నష్టం వేస్తారు?

లెక్కలసారు
ముందు ఇరుసు 0.3, వెనకది 6 దాకా. అంటే ఆరు దాటింది. సరిగ్గా సర్దిన బండికి ఐదు. మొత్తం బరువు పరిమితిలోనే ఉంది, వెనక జంట ఇరుసు మాత్రం 21 టన్నుల హద్దును రెండున్నర టన్నులు దాటింది.

తుంగభద్ర_ఒడ్డు
ఆ హద్దులనే పెంచారు కదా?

లెక్కలసారు
2018లో కేంద్రం పెంచింది. నాలుగు టైర్ల ఒంటి ఇరుసు 10.2 నుంచి 11.5 టన్నులకు, జంట ఇరుసు 19 నుంచి 21కి చేరింది. అంతకుముందు పది టైర్ల బండికి మొత్తం బరువు 25 టన్నులే ఉండేది. జంట ఇరుసు మీద పెరిగింది పదో వంతు పైచిలుకు, నష్టం మాత్రం ఒకటిన్నర రెట్లయింది. 2018కి ముందు లెక్కలతో వేసిన రోడ్లన్నీ ఆ రోజు నుంచి ముందుగానే ముసలివవడం మొదలుపెట్టాయి. పరిమితి పెంచితే ఓవర్‌లోడ్ తగ్గుతుందని అప్పట్లో చెప్పారు. నా మట్టుకు, కొత్త గీత మీద మళ్లీ అంతే పోయడం మొదలైంది తప్ప పద్ధతి మారలేదు.

పన్నెండుటైర్లు
జరిమానా కూడా పెంచారు, అది కూడా చెప్పండి.

రిటైర్డ్_ఏఈ
మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్‌కు 2019లో చేసిన సవరణ ప్రకారం ఓవర్‌లోడ్‌కు 20 వేల రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2 వేలు. తూకానికి బండి ఆపకపోతే 40 వేలు. అంతకుముందు 2 వేలు, టన్నుకు వెయ్యి ఉండేది. జరిమానా కట్టి అదే బరువుతో ముందుకు పోవడానికి వీల్లేదు, అదనపు సరుకు అక్కడే దించాలి. కాంట దగ్గర దింపడానికి ఖాళీ స్థలం, దించే కూలీ లేకపోతే ఈ మాట కాగితం మీదే ఉంటుంది.

మిల్లుగేటు
మా మిల్లుల ముందు ధాన్యం లారీలు రాత్రంతా ఒకే చోట వరుస కడతాయి. అక్కడ రోడ్డు అలలు అలలుగా తయారైంది. అన్నీ పరిమితిలోనే ఉన్నాయి, కదలడం కూడా లేదు. దీనికి కారణం ఏమిటి?

రిటైర్డ్_ఏఈ
కదలకపోవడమే కారణం. తారు ఎండ వేడికి మెత్తబడి ఉంటుంది, బరువు ఎంత ఎక్కువ సేపు నిలిస్తే అంత జారుతుంది. స్పీడ్ బ్రేకర్ ముందు, టోల్ వరుసలో, క్రషర్ గేటు మలుపులో గాళ్లు ముందుగా పడేది అందుకే. ఓవర్‌లోడ్‌కు తట్టుకోవాలని టైర్లలో గాలి ఎక్కువ కొట్టిస్తే చక్రం రోడ్డును తాకే చోటు చిన్నదై, పైపొర మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.

చెల్కదారి
క్రషర్ కాంట కాకుండా బయటి కాంటలో తూకం వేయించమని అడిగితే డ్రైవర్లు ఒప్పుకోరు, మాకు బండి ఆపే అధికారం లేదు. ఊరి తరఫున మేము చేయగలిగిన కొలత ఏదైనా ఉందా?

తుంగభద్ర_ఒడ్డు
దారికి అడ్డంగా ఇనుప కమాను పెట్టండి.

చెల్కదారి
పెడితే ముందు ఆర్టీసీ బస్సు ఆగిపోతుంది.

కాంటచీటీ
బండి ఆపకుండానే ఒక కొలత ఉంది. తొట్టి లోపలి పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలవండి, ఖాళీ టిప్పర్ హోటల్ దగ్గర ఆగినప్పుడు డ్రైవర్‌ను మంచిగా అడిగితే కాదనడు. వదులుగా పోసిన 20 మిల్లీమీటర్ల కంకర ఘనమీటరుకు సుమారు ఒకటిన్నర టన్నులు తూగుతుంది. డస్టు, అంటే క్రషర్ పొడి, అంతకంటే ఎక్కువ, తడి డస్టు మరీ ఎక్కువ. 17 టన్నుల కంకరకు 11 ఘనమీటర్ల చిల్లర చోటు చాలు, అంటే సుమారు 400 ఘనపుటడుగులు. తొట్టి 14 ఘనమీటర్లుండి నిండుగా గోపురం కట్టి పోతుంటే, చీటీలో 28 టన్నులు ఎట్లా వచ్చిందో క్రషర్ వాళ్లే చెప్పాలి. ఈ లెక్కతో జరిమానా వేయలేరు, కానీ రవాణా శాఖకు దరఖాస్తు పెట్టి తూకం వేయించమని అడగడానికి సరిపోతుంది. అప్పుడు మొత్తం బరువు ఒక్కటే కాదు, ఇరుసుల వారీగా కావాలని దరఖాస్తులో స్పష్టంగా రాయండి. ఒక్కో ఇరుసుకు ఎంత అనుమతో ఆర్‌సీలోనే ఉంటుంది.

పన్నెండుటైర్లు
ఈ పద్ధతికి నాకు అభ్యంతరం లేదు. తొట్టి లోపల 11 ఘనమీటర్ల దగ్గర ఎర్ర గీత గీయించి, లోడర్ నడిపేవాడిని ఆ గీత దగ్గర ఆపమనండి. బకెట్ వాడి చేతిలో ఉంటుంది, మా చేతిలో కాదు. కిరాయి మాట్లాడేటప్పుడు కూడా ఆ గీతే అందరికీ లెక్క అయితే మాకు నష్టం లేదు.

పాలమూరు_స్టీరింగ్
టేపు పట్టేటప్పుడు తొట్టి పక్కలకు పైన వెల్డింగ్ చేసిన అదనపు రేకులు ఉన్నాయేమో చూడండి. కంపెనీ తొట్టి ఎత్తు వేరు, రేకుల ఎత్తు వేరు. రెండూ విడివిడిగా రాసుకొని, బండి ముందూ వెనకా నంబరు కనిపించేలా ఫోటోలు తీసి దరఖాస్తుకు జత చేయండి.